బొట్టు పెట్టిన దుప్పి, నా పెన్సిల్ తూటా

ఇన్నేళ్లలో నన్ను ఒక్కరూ అడగలేదు. ఫిల్మ్ నగర్ గురించి రాసినవాళ్లు చాలామందే ఉన్నారు. ఏ హీరో ఏ మేడలో ఉండేవాడో, ఏ బండ పక్కన ఏ పాట తీశారో, ఎవరింటి భోజనానికి ఎవరు ఎగబడేవారో అన్నీ రాశారు. ఆ సినిమాల్లో కనిపించే తుపాకులు ఎక్కడినుంచి వచ్చేవో మాత్రం ఎవరూ రాయలేదు. చాలావరకు మా ఇంటినుంచే వచ్చేవి. చెక్క తుపాకులు, పేలని తుపాకులు, పొగ మాత్రమే వచ్చే తుపాకులు షూటింగులకు కిరాయికి ఇవ్వడం నా వృత్తి. టైటిల్ కార్డుల్లో భోజనాలు పంపినవాళ్ల పేర్లుంటాయి, ఏనుగును పంపినవాళ్ల పేర్లుంటాయి. నా పేరు ఏ సినిమాలోనూ లేదు. అది నేను మరిచిపోయానని ఎవరూ అనుకోవద్దు. కానీ ఇవాళ రాస్తున్నది దాని గురించి కాదు.

పాత రైఫిళ్లలో జింక వేటకు ఏ తూటా మంచిదన్నది ప్రశ్న. ఎనభైల్లో జూబ్లీహిల్స్‌లోని ఒక వరండాలో ఈ ప్రశ్న ప్రతి ఆదివారం లేచేది. దానికి తీర్పు కూడా వచ్చింది. ఆ తీర్పును నోరు తెరిచి చెప్పవలసిన మనిషి ఇప్పటికీ చెప్పలేదు.

ఆ వరండా ఒక నిర్మాతది. మద్రాసు వదిలి హైదరాబాదుకు మకాం మార్చినవాళ్లలో ఆయనొకరు. కృష్ణా జిల్లా మనిషి. అప్పుడింకా జూబ్లీహిల్స్‌లో ఇళ్లకంటే బండలే ఎక్కువ. అందరూ బండలు పగలగొట్టించి ఇళ్లు కట్టుకుంటుంటే ఈయన ఒక పెద్ద బండను అలాగే ఉంచి దానిమీద వరండా వేయించారు. అక్కడ కూర్చుంటే కింద సీతాఫలం చెట్లు, వాటి వెనక షేక్‌పేట ఇళ్లు కనిపించేవి. ఇడ్లీలు, అల్లం పచ్చడి, కాఫీ అయ్యాక తూటాల మాట మొదలయ్యేది. కూర్చునేది ముగ్గురం. నిర్మాతగారు, ఆయన ఊరివాడైన రిటైర్డ్ డీఎస్పీగారు, నేను. నాకు కుర్చీ ఉండేది గానీ అది చేతుల్లేని కుర్చీ. ఉన్న రెండు చేతుల కుర్చీలూ వాళ్లవి.

వేట మీద నిషేధం వచ్చి అప్పటికే చాలా ఏళ్లయింది. మా రైఫిళ్లు లైసెన్సు రెన్యువల్‌కు తప్ప బీరువా దాటేవి కావు. కొట్టకూడని జింకను ఏ తూటాతో కొడితే బాగుంటుందని వాదించుకోవడం బయటివాళ్లకు పిచ్చిగా అనిపించవచ్చు. పెళ్లయిపోయిన పిల్లకు సంబంధాలు చూడటం లాంటిదే. అయినా ఏ ఆదివారమూ ఆ వాదన మానలేదు.

నిర్మాతగారిది మాగ్నమ్. మూడు వందల డెబ్బై అయిదు బోరు. తూటా చూస్తేనే గౌరవం కలుగుతుంది. చేతిలో పెట్టుకుంటే అరచేయి దాటి బయటికి వస్తుంది, అడుగున నడుముకు బెల్టు కట్టినట్టు ఇత్తడి పట్టీ ఉంటుంది. అడవిదున్నకు, పెద్దపులికి అది సరైన తూటా. దాన్ని కాదనేవాణ్ని కాను. డీఎస్పీగారిది త్రీ ఫిఫ్టీన్. మన దేశంలోనే తయారవుతుంది కాబట్టి దాని తూటాలు ఎప్పుడైనా దొరుకుతాయి. గుండు బరువైనది, మొద్దు ముక్కుది, నిదానంగా పోతుంది. వంద గజాల వరకు నమ్మవచ్చు. ఆ పైన అలసిపోయినట్టు కిందికి దిగుతుంది. నాది సెవెన్ ఎమ్మెమ్. పాత కాలం విలాయతీ సరుకు. గుండు సన్నం, పొడవు. చూపుడువేలి చివరి రెండు కణుపులంత ఉంటుంది. భుజానికి పెద్దగా దెబ్బ తెలియదు. సన్నగా ఉంటుంది కాబట్టి లోతుకు దూరుతుంది, పొడవుగా ఉంటుంది కాబట్టి దారి తప్పదు. ఆ రైఫిలు మా నాన్నకు ఒక జాగీర్దారు ఇచ్చింది. ఆయన వేటలకు మా నాన్న ముందు నడిచి అడవి చూపించేవాడు.

మొదటిసారి నా తూటాను బల్లమీద నిలబెట్టినప్పుడు నిర్మాతగారు దాన్ని రెండు వేళ్లతో ఎత్తి వెలుగులో చూశారు.

"ఏంటండీ ఇది, పెన్సిలా? దీంతో జింకను కొడతారా, బొమ్మ గీస్తారా?"

డీఎస్పీగారు కాఫీ పొలమారేలా నవ్వారు. అప్పటినుంచి నేను ఆ వరండాలో పెన్సిల్ గారిని. "రండి పెన్సిల్ గారూ, ఇడ్లీ తినండి." "పెన్సిల్ గారికి పచ్చడి వెయ్యండమ్మా." పేరు చివర 'గారు' తగిలిస్తే అవమానం గౌరవమవుతుందని ఆయన నమ్మకం.

నేను ఊరుకునేవాణ్ని కాదు. "సార్, జింకకు దున్న తూటా ఎందుకు? ఉల్లిగడ్డ కోసెటందుకు గొడ్డలి దెస్తరా?" అనేవాణ్ని.

"మీరు ఊరుకోండి. పెద్ద తూటా అయితే పెద్దదానికీ చిన్నదానికీ పనికొస్తుంది" అనేవారు ఆయన.

"పన్జేస్తది సార్. మిగిలేదేంది?"

అసలు విషయం అదే. వాళ్ల వేటల లెక్క వేరు, మా వేటల లెక్క వేరు. మా నాన్న వెంట అడవికి వెళ్లే గుంపులో సగంమంది ముస్లింలు. దుప్పి పడ్డాక, హలాల్ కావాలంటే ప్రాణం ఉండగానే చాకు దాని మెడ చేరాలి. లేకపోతే ఆ మాంసం సగంమందికి పనికిరాదు. మా నాన్న దోస్తు ఒకాయన చాకు పట్టుకుని పరిగెత్తడానికే వేటకు వచ్చేవాడు. తూటాను కార్తూసు అనే ఆయన మాట నాకింకా చెవుల్లో ఉంది. "కార్తూసు జింకను పండబెట్టాలె, చంపొద్దు. చంపేది నా చాకు" అనేవాడు. కాబట్టి మా లెక్కలో మంచి తూటా అంటే జబ్బ ఎముక విరిచి దుప్పిని ఉన్నచోటే కూలేసేది. మాగ్నమ్‌తో కొడితే ఆయన చేరేసరికి కోయడానికి ఏమీ ఉండేది కాదు, జబ్బ మాంసం మొత్తం నెత్తురుముద్ద. త్రీ ఫిఫ్టీన్‌తో దూరంనుంచి కొడితే కాలు విరిగిన దుప్పి పొదల్లో దూరేది, పొద్దుగూకేదాకా నెత్తుటి చుక్కలు వెతుక్కుంటూ తిరిగేవాళ్లం. ఆ పాపం ఎవరిది? సెవెన్ ఎమ్మెమ్‌తో కొట్టినప్పుడు ఆయన పరిగెత్తకుండా నడిచి వెళ్లడం నేను కళ్లారా చూశాను.

ఇది నేను వరండాలో ఎన్నిసార్లు చెప్పానో. మాట సగంలో ఉండగానే నిర్మాతగారు "అమ్మాయ్, కాఫీ" అని లోపలికి కేకేసేవారు.

ఒక ఏడాది ఆయన ఒక జమీందారీ కథ మొదలుపెట్టారు. అందులో హీరో తాతగారు వేటాడే ఫ్లాష్‌బ్యాక్ ఉంది. జింకను నిజంగా కొట్టేది లేదు, తాతగారు గురిపెట్టి కాల్చడం, తర్వాత పడిపోయిన బొమ్మదుప్పి, అంతే. తాతగారి చేతిలో తన మాగ్నమ్ ఉంటుందని నిర్మాతగారు ప్రకటించారు. దుప్పి బొమ్మ పని ఆర్ట్ డైరెక్టర్‌కు అప్పగించారు.

"సార్, ఆ తాతగారు వేటగాడా, వేటగాని లెక్క ఏషం గట్టినోడా?" అన్నాను.

"వేటగాడేనండీ. ఏం?"

"మరి వేటగాడయితే దుప్పికి మాగ్నమ్ పట్టడు."

ఆ రోజు ఆయన కాఫీకి కేకేయలేదు. డీఎస్పీగారి వైపు తిరిగి, "ఈ పెన్సిల్ పోరు భరించలేకపోతున్నానండీ. ఒకసారి తేల్చేద్దామా?" అన్నారు. "తేల్చేద్దాం సార్. రేంజిలో నేను మాట్లాడతా" అన్నారు డీఎస్పీగారు.

షరతులు అక్కడే కుదిరాయి. ఊరి బయట లైసెన్సున్న రైఫిల్ రేంజి. నూట యాభై గజాలు. ఆర్ట్ డైరెక్టర్ మూడు మట్టి దుప్పులు చేయిస్తాడు. జబ్బ ఎముక ఉండేచోట లోపల ఒక కొబ్బరికాయ పెట్టిస్తాడు. ఒక్కొక్కరికి ఒక దుప్పి, ఒక గుండు. నియమం నేనే చెప్పాను, ఇద్దరూ ఒప్పుకున్నారు: ఎముక విరగాలి, మాంసం మిగలాలి. నేను ఓడితే ఆ వరండాలో ఇక జన్మలో తూటాల మాట ఎత్తకూడదు. గెలిస్తే తాతగారి చేతిలో నా రైఫిలు ఉంటుంది. ఆ పైన నిర్మాతగారే స్వయంగా అన్నారు:

"సినిమా వంద రోజులాడితే ఫంక్షన్లో మైకు ముందు చెబుతానండీ, పెన్సిల్ గారు చెప్పిందే కరెక్టని. సరేనా?"

"సరే సార్. మరి మాట తప్పొద్దు."

"నేనా? మాటా?" అని గుండెమీద చెయ్యి వేసుకున్నారు. ఆ చెయ్యి ఆ గుండెమీద పడటం నాకింకా కనబడుతోంది.

నాకొక భయం ఉండేది. నా దగ్గర మిగిలిన తూటాలు గుప్పెడే, అన్నీ మా నాన్న కాలంవి. కొత్తవి దొరికేవి కావు. లోపలి మందు చెమ్మ పట్టిందో లేదో పేలితేగాని తెలియదు. ఇత్తడి మెరుగుపోయి గోధుమరంగుకు తిరిగాయి. వాటిలో శుభ్రమైనవి ఏరి జేబులో వేసుకున్నాను.

ఆదివారం పొద్దున రేంజికి వెళ్లేసరికి ఆర్ట్ డైరెక్టర్ దుప్పులను నిలబెట్టి వాటి చుట్టూ తిరుగుతున్నాడు. వినాయకుడి విగ్రహాలు చేసే పద్ధతిలో వెదురు, గడ్డి, బంకమట్టి, పైన గోనెపట్టా. చుక్కలు, తడి ముక్కు, కనురెప్పల వెంట్రుకలతో సహా గీశాడు. "ఒక్క షాట్ అయినా తీయకుండా కాల్చేస్తారా సార్? క్లోజప్‌కు పనికొచ్చే మొహాలండీ ఇవి!" అని అందరినీ బతిమాలుతున్నాడు.

సినిమావాళ్లు కొత్త పని ఏదైనా పూజ చేయకుండా మొదలుపెట్టరు. ప్రొడక్షన్ మేనేజర్ హారతి పళ్లెం, కుంకుమ, నిమ్మకాయలు తెచ్చాడు. కొబ్బరికాయ కొట్టాడు. మాగ్నమ్‌కు పూలదండ వేసి, గొట్టం పొడుగునా బొట్లు పెట్టాడు. త్రీ ఫిఫ్టీన్‌కు మూడు బొట్లు. అదే ఊపులో కుడిచివర నిలబడ్డ దుప్పి దగ్గరికి వెళ్లి, దాని నుదుట కూడా నిండుగా బొట్టు పెట్టి దండం పెట్టాడు. ముహూర్తం షాట్‌లో కెమెరాకు పెట్టినట్టే, చెయ్యి అలవాటు. తర్వాత నా రైఫిలు దగ్గరికి వచ్చి పళ్లెం చూపించాడు.

"అయిపోయిందండీ కుంకుమ. ఏమనుకోకండి."

ఏమనుకోవద్దట! ఇద్దరి తుపాకులకు ఉంది, మట్టిబొమ్మకు ఉంది, నాకు లేదు.

అప్పుడు నిర్మాతగారు ఆ దుప్పిని చూశారు. మొహం పాలిపోయింది.

"ఏవయ్యా, దానికి బొట్టెవడు పెట్టమన్నాడు? బొట్టు పెట్టినదాన్ని కాలుస్తామా? కొత్త సినిమా, ఏం సెంటిమెంటయ్యా ఇది!"

"తుడిచేద్దామా సార్?" అన్నాడు మేనేజర్.

"తుడుస్తావా? బొట్టు తుడుస్తావా? శుభమా అని సినిమా మొదలుపెడుతూ బొట్టు తుడుస్తావా?"

మేనేజర్ చేతిలో రుమాలు గాల్లోనే ఆగిపోయింది. కాల్చకూడదు, తుడవకూడదు. డీఎస్పీగారు దుప్పిని అటు తిప్పి పెడదామన్నారు. అటు తిప్పినా బొట్టు బొట్టేనని నిర్మాతగారు. ఆర్ట్ డైరెక్టర్ సంతోషంగా ఆ దుప్పిని బండిలోకి ఎక్కించబోయాడు. మిగిలింది రెండు దుప్పులు, మనుషులం ముగ్గురం. వెంటనే ఇద్దరి చూపులూ నా మీద పడ్డాయి.

"పెన్సిల్ గారూ," అన్నారు నిర్మాతగారు మెత్తగా, "మీకు సినిమాలో వాటా లేదు కదా. ఆ దుప్పి మీరు తీసుకోండి. దోషం మాకు తగలదు."

"దోషం నాకు దగిలితే ఫికర్ లేదా సార్?"

"మీదంతా చెక్క తుపాకుల వ్యాపారం. మీకేం తగులుతుందండీ!"

ఇది కూడా నేను మరిచిపోలేదు.

ముందు మాగ్నమ్. నిర్మాతగారు బల్ల ముందు కూర్చుని, పూలదండ తీయకుండానే కాల్చారు. ఆ చప్పుడుకు రేంజి పక్కన తుమ్మచెట్టు మీది కాకులన్నీ లేచాయి. ఆయన కళ్లజోడు ఎగిరి ఒళ్లో పడింది, దండ రేకులు రేకులుగా రాలింది. దుప్పి ఉన్నచోట దుప్పి లేదు. నాలుగు కాళ్లు నిలబడి ఉన్నాయి, పైన ఏమీ లేదు. మట్టి, గడ్డి, కొబ్బరి పీచు వెనక మట్టిగుట్టమీద చెల్లాచెదురుగా పడి ఉన్నాయి.

"అబ్బ! ఏం ఎఫెక్టండీ!" అని మేనేజర్ చప్పట్లు కొట్టాడు.

"ఎఫెక్టు మంచిగనే ఉంది. గిప్పుడు కూర దేంతోని వండుతరు?" అన్నాను. నిర్మాతగారు భుజం రుద్దుకున్నారు.

తర్వాత త్రీ ఫిఫ్టీన్. డీఎస్పీగారు మంచి గురిగాడు, అది ఒప్పుకుంటాను. సరిగ్గా జబ్బమీదే పెట్టి కాల్చారు. కానీ ఆ తూటా నూట యాభై గజాలకు తన బుద్ధి చూపించింది. గుండు దిగిపోయి ముందుకాలు మోకాలి దగ్గర విరిచింది. దుప్పి ముందుకు వంగి, ఎవరికో దండం పెడుతున్నట్టు ఆగింది.

"పొద్దుగూకేదాక ఎతకాలె సార్ ఇగ," అన్నాను. "సైటు కదిలిందండీ, లేకపోతేనా" అన్నారు ఆయన.

నా వంతు వచ్చింది. బొట్టు దుప్పి నా వైపే చూస్తోంది. జబ్బమీద గురి నిలిపి మీట నొక్కాను. టిక్కుమంది. అంతే. పేలలేదు.

"ములుకు విరిగిందా పెన్సిల్ గారూ?" అని నిర్మాతగారు పగలబడి నవ్వారు. "చెక్కుకోండి, చెక్కుకోండి! బ్లేడు ఇవ్వండయ్యా!"

"బొట్టు పెట్టినదాని జోలికి పోతే అంతేనండీ" అని డీఎస్పీగారు అందుకున్నారు.

నేను రైఫిలు దించలేదు. పాత తూటా ఆలస్యంగా పేలవచ్చు. గొట్టం దుప్పివైపే ఉంచి, వాళ్ల నవ్వులు పూర్తిగా అయిపోయేదాకా ఆగి, అప్పుడు బోల్టు తీసి దాన్ని పక్కన పెట్టాను. ఇంకొకటి ఎక్కించాను. ఇది కూడా పేలకపోతే వాళ్లకు జన్మంతా నవ్వుకోవడానికి సరిపోతుంది. నాన్న చెప్పినట్టు సగం ఊపిరి వదిలి, మిగతా సగం పట్టుకుని నొక్కాను.

చిన్న, పొడి చప్పుడు. దుప్పి కదల్లేదు.

"తప్పిందండీ!" అన్నాడు మేనేజర్.

"పోయి జూడు" అన్నాను.

అందరం నడిచాం. ఇటువైపు జబ్బమీద ఒక చుక్క, తెల్లచుక్కల మధ్య నల్లచుక్క. వేలు దూరేంత. అటువైపు అరచేతి వెడల్పున పగులు. మెడ, వీపు, తొడలు అన్నీ ఉన్నాయి. నుదుట బొట్టు చెదరలేదు. ఆర్ట్ డైరెక్టర్ చేత్తో మట్టి తవ్వి కొబ్బరికాయ బయటికి తీశాడు. గుళ్లో కొట్టినట్టు రెండు చిప్పలుగా విడిపోయి ఉంది. దాన్ని రెండు చేతులతో ఎత్తి చూపించాడు. నేను నిర్మాతగారి వైపు తిరిగాను.

"ఎముక విరిగింది. మాంసం మిగిలింది. చెప్పుండ్రి సార్."

నిర్మాతగారు కొబ్బరిచిప్పలను కళ్లకద్దుకున్నారు. మొహం వెలిగిపోయింది.

"ఏం శకునమండీ! ఎంత చక్కగా పగిలిందో చూడండి. బొట్టు మహిమ! ఈ సినిమా ఆడుతుంది, రాసిపెట్టుకోండి!"

బొట్టు మహిమ. నా తూటా కాదు, మా నాన్న నేర్పిన ఊపిరి కాదు. మేనేజర్ అలవాటుకొద్దీ పెట్టిన కుంకుమ!

అయినా నేను గెలిచాను. గెలిచానని ఆ రోజు ఇంటికి వచ్చేదాకా స్కూటరు మీద గట్టిగా పాడుకుంటూ వచ్చాను. సినిమాలో తాతగారి చేతిలో నా రైఫిలే ఉంది. తెరమీద దాని చెక్కకున్న గీత కూడా కనిపించింది. మా నాన్న అడవిలో ఒక బండకు తగిలించిన గీత అది. హాల్లో తాతగారు గురిపెట్టగానే ఈలలు పడ్డాయి. ఆ ఈలల్లో కొన్ని నావి. పడిపోయిన దుప్పిగా బొట్టు దుప్పినే వాడారు, బొట్టు మీద గోధుమరంగు పూసి. తుడవలేదు, కప్పారు. దానికి సెంటిమెంటు అడ్డం రాలేదట.

కొన్నాళ్లకు డీఎస్పీగారు ఒక్కరే మా ఇంటికి వచ్చారు. చెప్పులు విడుస్తూనే గొంతు తగ్గించి, "ఏవండీ, ఆ సెవెన్ ఎమ్మెమ్ ఎక్కడైనా పాతది అమ్మకానికి ఉందేమో కనుక్కుంటారా? ఆయనకు చెప్పకండి" అన్నారు. నేను ఆయనకు చేతులున్న కుర్చీ వేశాను. మంచి టీ ఇప్పించాను. ఆ టీ తాగినంతసేపూ ఆయన నన్ను పెన్సిల్ గారూ అనలేదు. పూర్తిపేరుతో పిలిచారు.

సినిమా వంద రోజులాడింది. ఫంక్షన్‌కు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను, ముందు వరుసల్లో చోటు లేదంటే వెనక నిలబడ్డాను. నిర్మాతగారు మైకు పట్టుకుని దేవుళ్లకు చెప్పారు, ప్రేక్షకదేవుళ్లకు చెప్పారు, ముహూర్తం పెట్టిన సిద్ధాంతిగారికి చెప్పారు. కొబ్బరికాయ కథ కూడా చెప్పారు, రెండు చిప్పలుగా ఎలా పగిలిందో చేతులతో చూపించి మరీ. హాలంతా చప్పట్లు. ఆ కాయను ఎవరు పగలగొట్టారో, దేంతో పగలగొట్టారో చెప్పలేదు. నేను వెనకనుంచి చెయ్యెత్తాను. చూశారు. చూసి, ఎవరో అభిమాని అనుకున్నట్టు చెయ్యూపారు.

ఆ తర్వాతి ఆదివారం వరండాలో అడిగాను. "చూద్దాం లెండి" అన్నారు. తొంభైలు వచ్చాయి. ఆ బండ కూడా పగలగొట్టించి పెద్ద ఇల్లు కట్టారు. కొత్త ఇంటి హాల్లో ఆ రెండు కొబ్బరిచిప్పలు గాజుపెట్టెలో పెట్టారు. గృహప్రవేశంలో మళ్లీ అడిగాను. "ఇంకా ఆ తూటాల గొడవేనా పెన్సిల్ గారూ, భోజనం చెయ్యండి" అన్నారు. భోజనం చేశాను. బాగుంది. జవాబు మాత్రం పెట్టలేదు.

అయ్యా నిర్మాతగారూ, మీరు చదువుతారనే ఇది రాస్తున్నాను. బొట్టు పెట్టింది దుప్పికి. మహిమ ఉంటే అది దుప్పిని కాపాడాలి, దాన్ని కొట్టినవాణ్ని గెలిపించడమేమిటి? లేదూ, బొట్టు తుపాకికి బలమిస్తుందంటారా, గొట్టం పొడుగునా బొట్లు పెట్టించుకుని దండ వేయించుకున్నది మీ మాగ్నమ్. కుంకుమ అయిపోయిందని వదిలేసింది నా సెవెన్ ఎమ్మెమ్‌నే. మీ కాయ, డీఎస్పీగారి కాయ, నా కాయ ఒకే గంపలోవి. ఇక మిగిలింది తూటా ఒక్కటే కదా? మీ గాజుపెట్టెలో ఆ చిప్పల పక్కన పెట్టడానికి ఆ రోజు పేలిన తూటా తాలూకు ఖాళీ ఇత్తడి గొట్టం నా దగ్గర భద్రంగా ఉంది, అడిగితే తెచ్చి ఇస్తాను. మైకు అక్కరలేదు, ఫంక్షను అక్కరలేదు. గుండెమీద మళ్లీ ఆ చెయ్యి వేసుకుని చెప్పండి. బొట్టా, తూటానా? చెప్పండి.